రాని కలకు నరికిన చెట్టు

మా ఊరి అమ్మవారి పండుగలో ప్రధానమైనది సిరిమాను. ఒకే చింతచెట్టు నుంచి తీసిన పొడవైన మానును చెక్కి, మొదలు వైపు బరువు కట్టి, బండి మీది ఇరుసుకు బిగించి, కొసన ఒక చిన్న పీట అమరుస్తారు. పూజారి ఆ పీట మీద కూర్చున్నాక కొస పైకి లేస్తుంది, బండి కదులుతుంది, ఆయన ఇళ్ల కప్పులకన్నా ఎత్తున వీధులన్నీ తిరుగుతాడు. అంతసేపూ జనం ఆయనను మనిషిగా చూడరు. అరటిపళ్లు పైకి విసురుతారు, పసిపిల్లలను ఎత్తి చూపిస్తారు, ఎవరికీ చెప్పుకోలేని మాటలు ఆ కొసకేసి చెప్పుకుంటారు.

ఆ మాను ఏ చెట్టు నుంచి రావాలో మనుషులు నిర్ణయించకూడదు. పండుగకు ముందు అమ్మవారు పూజారి కలలోకి వచ్చి, ఏ దిక్కున, ఎవరి భూమిలో, ఏ చెట్టు తనకు కావాలో చెబుతుంది. పూజారి గుడి ముందు డప్పులు కొట్టించి ఆ కలను ఊరికి విప్పి చెబుతాడు. ఊరు ఆ చెట్టు దగ్గరికి కదిలి వెళ్లి, పసుపు పూసి, బొట్టు పెట్టి, పూజ చేసి నరుకుతుంది. చెట్టు గలవాళ్లు కాదనడం నేను ఎన్నడూ వినలేదు. కాదనడం అటుంచి, ఆ ఇంట్లో కొత్తబట్టలు కట్టుకుని చుట్టాలను పిలుచుకుంటారు. అమ్మవారు తమ ఇంటి పేరు పలికిందన్న మాట వాళ్లకు తరాలపాటు చెప్పుకునే మాట.

ఇంత పెద్ద ఏర్పాటు ఒక్క మనిషి నోటి మాట మీద నిలబడి ఉందన్న సంగతి నాకు చాలా కాలం తట్టలేదు. కలకు రెండో సాక్షి ఉండడు. నేను గరివిడి దగ్గర ఒక కర్మాగారంలో క్రేన్లు తనిఖీ చేసే ఉద్యోగం చేస్తున్నాను. వేడి లోహం మోసే గొలుసులు, కొక్కేలు, ఇనుపతాళ్లు నా కంటి కిందుగా వెళ్లాలి. బరువు ఎత్తించి, ఎత్తినప్పుడు ఎదురుగా నిలబడి, కళ్లతో చూసిన తరువాతే సంతకం పెట్టాలన్నది మా పనిలో మొదటి నియమం. చూడకుండా పెట్టిన సంతకం వెంటనే ఎవరినీ చంపదు. అందుకే అది ప్రమాదకరం. ఒకసారి పెట్టి ఏమీ జరగకపోతే, రెండోసారి చెయ్యి తడబడదు.

మా ఊరి పూజారి మా మేనమామ. వ్యవసాయ కుటుంబమే. కొంత వరి, కొంత మెట్ట. పూజారితనం మా అమ్మ పుట్టింటి వంశంలో తండ్రి నుంచి కొడుకుకు వస్తోంది.

ఈ కథ నా దగ్గరికి వచ్చింది మా మేనత్త కొడుకు వల్ల. వరసకు బావ. పండుగ కమిటీకి పెద్ద. అంతకు ముందు ఏడాది పండుగలో, బజారు మలుపు దగ్గర బండి తిరుగుతుండగా మాను నిలువునా చీలింది. పైన కూర్చున్న మావయ్య పడిపోలేదు గాని, దింపేదాకా ఊరు ఊపిరి బిగబట్టింది. చెక్కినవాళ్లు సరిగ్గా చెక్కలేదని కొందరన్నారు, అమ్మవారికి కోపం వచ్చిందని కొందరన్నారు. నేను చీలిక చూశాను. కాండం లోపల పాత డొల్ల ఉంది. బయటి నుంచి తెలిసే గుర్తులూ ఉన్నాయి. చెట్టును ఎంచేటప్పుడు ఎవరూ చూడలేదు, ఎందుకంటే చూడవలసిన పని మనుషులది కాదని అందరూ అనుకున్నారు.

మరుసటి ఏడు కల చెప్పే రోజు ఇంకా రాకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం బావ మా ఇంటికి వచ్చాడు. మంచినీళ్లు తాగి, చెప్పులు విడిచి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"ఒరే బావా, నీతో చిన్న పనున్నాది."

"ఏటి?"

"పోయినేడు మాను టప్పుమన్నాది సూసినావు గదా. మావ కిందడిపోతే పండగ కాదు, కర్మకాండ అయిపోను. ఈ ఏడు నువ్వు ముందే సూసీ. డొల్ల నేని సెట్టు, వంకర నేని సెట్టు, లారీ దగ్గరికెల్లే సెట్టు. ఓ రెండు మూడు సూపించు సాలు."

"సెట్టు సూడ్డానికేటి, సూస్తాను. గాని అమ్మవారు ఏ సెట్టు అడుగుతాదో ముందే ఎలా తెలుస్తాది?"

బావ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు. తెలివైన మేనల్లుడు తెలివితక్కువ ప్రశ్న అడిగితే పెద్దవాళ్లు నవ్వే నవ్వు.

"సెట్టు నువ్వు సూడు బావా. కల మావ కంటాడు."

ఆ మాట అని టీ తాగి వెళ్లిపోయాడు. బావ చెడ్డవాడని నేను రాయను. గుడికి నేలబండలు పరిపించినవాడు, వేసవిలో పండుగ వీధికి నీళ్ల ట్యాంకర్లు తెప్పించేవాడు, ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్లి నిలబడేవాడు. ఆ మాట అనేటప్పుడు అతని ముఖంలో దాపరికం లేదు, సిగ్గు లేదు. పందిరికి వెదుళ్లు చెప్పినట్టు చెప్పాడు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. అబద్ధం దాచుకోవలసిన దశ దాటి, పనుల్లో ఒక పనిగా మారిపోయింది.

సాయంత్రం మావయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన పొలం గట్టు మీద ఉన్నాడు. ఊడ్పులు అయ్యి పైరు నిలదొక్కుకుంటున్న రోజులు. పార పట్టుకుని ఒక మడి నుంచి మరో మడికి నీరు మళ్లిస్తున్నాడు. బావ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పార ఆపలేదు. మడి నిండి, గండి పూడ్చిన తరువాతే గట్టెక్కాడు.

"ఆడన్నది నిజమే అల్లుడా," అన్నాడు.

"ఏది నిజం?"

"కల నాను కంటన్నాను. అమ్మ పంపడం నేదు."

గట్టు మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాక మధ్యలో ఆగలేదు, నా వైపు చూడలేదు.

తాతగారు పోయి, తను పూజారి అయిన కొత్తలో నిష్ఠ ఎలా ఉండేదో చెప్పాడు. గుడి నేల మీద పడక. ఒక పూట భోజనం. ఎవరితోనూ అనవసరమైన మాట లేదు. ఇంట్లో చావుబతుకుల్లో మనిషి ఉన్నా గుమ్మం దాటకూడదు. "ఆ రోజుల్లో వొచ్చినాది రా. నాను అబద్ధం ఆడితే ఈ గట్టు మీదే కూలిపోతాను. సెట్టు కొమ్మల మజ్జినుంచి వొచ్చే గాలి కూడా ఒంటికి తగిలినాది." తరువాత నిష్ఠ సడలింది. ఒక్కసారిగా కాదు. నేల చల్లదనానికి నడుం పట్టేస్తోందని మంచం తెప్పించుకున్నాడు. కమిటీ మాటలకు రమ్మంటే వెళ్లాడు. ఫోను దగ్గర పెట్టుకున్నాడు. ఎన్నికలప్పుడు పెద్దమనుషులు శాలువాలతో వచ్చి గుడి ముందు నిలబడితే, అమ్మ చూపు వీళ్ల మీద ఉందని జనం ముందు అన్నాడు. ఎవరు ముందు వస్తే వాళ్ల మీద. ఒకే ఎన్నికలో ఎదురెదురు పక్షాల వాళ్లిద్దరి మీదా ఉందన్నాడు.

"అమ్మ అన్నీ సూసినాది. ఓ ఏడు సగం కలొచ్చినాది. తూరుపు దిక్కు సూపినాది, ఇక మెలకువొచ్చేసినాది. ఊరంతా సూస్తన్నాది గదా అని మిగతా సగం నాను కలిపినాను. మరుసటేడు అదీ రానేదు. మొత్తం నానే కలిపినాను."

"అప్పుడు ఎవరికైనా చెప్పవలసింది గదా?"

"ఎవులికి సెప్తాను? పూజారికి కల రానేదని పూజారే సెప్తే, ఇక ఆడు పూజారెలగ అవుతాడు?"

అప్పుడు ఆయన అసలు సంగతికి వచ్చాడు. చీలిపోయిన ఆ మాను కోసం నరికిన చెట్టు ఊరి చివర ఉండే ఒక విధవరాలిది. వరసకు మావయ్యకు అక్క, అప్పా అని పిలుస్తాడు. పిల్లలు లేరు, మెట్ట పొలం ముక్క ఒకటి ఉంది, దాని గట్టున ఆ చింతచెట్టు ఉండేది. ఆ చెట్టును ఎంచడానికి కారణం అది రోడ్డు పక్కన ఉండటమే. లారీ వెనక్కి తిప్పుకోవడానికి చోటుంది. బావ వాళ్లు ఆ సంగతి ముందుగా అనుకున్నారు, మావయ్య కల చెప్పాడు. ఆమె చెట్టుకు తన చేత్తో పసుపు పూసి, గొడ్డలికి బొట్టు పెట్టి, మొదటి వేటు పడగానే గట్టిగా ఏడ్చిందట. ఏడుస్తూనే నవ్విందట.

"ఇప్పుడు మంగళారం మంగళారం ఆ మొద్దుకి బొట్టు పెడతన్నాది," అన్నాడు మావయ్య. "దీపం ఎలిగిస్తన్నాది. నాను పొలానికొచ్చేది ఆ దారినే. ఏ మంగళారమూ ఆ దారిలో రాలేకపోతన్నాను. సుట్టూ తిరిగొస్తన్నాను."

నాకు తెలిసిన నియమం ఒక్కటే. గొలుసు పరీక్షించకుండా సంతకం పెట్టినట్టు తెలిస్తే, దాన్ని వాడుతున్నవాళ్లకు ముందు చెప్పాలి. ఆ తరువాతే మిగతా విచారణ. ఆ మాటే అన్నాను. మావయ్య లేచి కాళ్లకు అంటిన బురద కాలవలో కడుక్కున్నాడు.

"పద. ఇప్పుడెల్దుం. రేపంటే ఎల్లను," అన్నాడు.

మేము వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని చేటతో నువ్వులు చెరుగుతోంది. మావయ్యను చూడగానే లేచి చాప వేసింది.

"రండి పూజారిబాబూ, కూకోండి. ఈ ఏడు అమ్మ ఎవుల్ని పిలుస్తాదో ఏటో. ఎవులి అదృష్టం ఉన్నాదో." నా వైపు తిరిగి, "నువ్వూ కూకో నాయనా. నీకు డూటీ నేదేటి?" అంది.

మావయ్య కూర్చోలేదు.

"అప్పా, పోయినేడు నీ సెట్టు అమ్మ అడగనేదు. నానే అడిగినాను."

ఆమె మళ్లీ కూర్చుని చేట అందుకుంది. నువ్వులు ఎగిరి పడుతున్నాయి, మట్టిబెడ్డలు చేట అంచుకు చేరుతున్నాయి. వినలేదేమో అనుకున్నాను. మావయ్య కూడా అలాగే అనుకుని మళ్లీ చెప్పబోయాడు.

"ఇన్నాను," అంది ఆమె. కొంతసేపు చెరిగి, చేట ఒళ్లో పెట్టుకుంది. "మరి నువ్వు సెప్పినావు గదా. ఎర్రసీర కట్టుకుని, నా సెట్టుకాడ నిలబడి, సేత్తో సూపినాదని."

"అబద్ధం అప్పా."

"ఎర్రసీర కూడానా?"

మావయ్య తల దించుకున్నాడు. "ఎర్రసీర కూడా."

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ మరపురాదు. చెట్టు పోయిందన్న దానికన్నా, ఆ చీర లేదన్న సంగతి ఆమెను ఎక్కువగా తాకింది. ఏడాదిపాటు ఆమె ఆ రంగును కళ్లముందు పెట్టుకుని బతికి ఉంటుంది.

"ముండమోసినదాన్ని ఏ పేరంటానికీ పిలవరు," అంది ఆమె నెమ్మదిగా. "పెళ్లి జరిగితే ఎదురు రావద్దంటారు. సరే, ఊరి తీరు అది, నాను ఎవుల్నీ అననేదు. గాని అమ్మ పిలిసినాది అనుకున్నాను. అందర్నీ ఒగ్గేసి నన్ను పిలిసినాది అనుకున్నాను."

మావయ్య ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

"లెగు. ఇదేటి? నాకు సెప్పి నీ బరువు దించుకుందామనొచ్చినావా? నాకొద్దు. నాను మొయ్యలేను."

"ఏటి సెయ్యమంటావు సెప్పు అప్పా. సేస్తాను."

"ఎక్కడ ఆడినావు అబద్ధం? నా వాకిట్లో ఆడినావా? గుడి ముందర, డప్పులు కొట్టించి, పిల్లామేకా అందరూ ఇంటన్నప్పుడు ఆడినావు. అక్కడే సెప్పు. ఒరే తమ్ముడా, అదీ సెప్పీవరకు నా గుమ్మం తొక్కకు."

ఇన్నేళ్లలో ఆమె ఆయనను పూజారిబాబూ అనే పిలిచింది. ఆ సాయంత్రం మొదటిసారి ఒరే అంది. వయసులో పెద్దది, ఆ పిలుపు ఆమె హక్కే. పదవికి ఇచ్చిన మర్యాదను వెనక్కి తీసుకుని, మనిషికి ఇవ్వవలసిన వరస ఆమె ఇచ్చింది. మావయ్య ముఖంలో నేను గమనించింది బాధ కాదు. చాలా కాలానికి ఎవరో పేరుపెట్టి పిలిచినప్పుడు మనిషి ఉలిక్కిపడినట్టు ఉంది.

మేము గేటు దాటుతుండగా ఆమె వెనక నుంచి ఇంకో మాట అంది. "వొచ్చే మంగళారం ఆ మొద్దుకాడ నాను ఏటి సెయ్యాలో అది కూడా ఆలోసించి సెప్పు."

మావయ్య గేటు దగ్గరగా వేసి నడిచాడు.

ఈ సంగతి బావకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. కల చెప్పే రోజుకు ముందు మావయ్య ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. మావయ్య భార్య, మా అత్తయ్య, వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. బావ గట్టిగా మాట్లాడలేదు. పిల్లవాడికి నచ్చజెప్పినట్టు మాట్లాడాడు.

"మావా, నువ్వు నిజం సెప్పీసి నిద్దరోతావు. ఊరికేటవుతాది? వానలు తగ్గితే నిన్నంటారు. ఎవులింట్లో గుంటడికి జొరమొస్తే నిన్నంటారు. ఊరు నమ్మకం మీద నిలబడతాది గదా. నమ్మకం పాడుసేసే హక్కు నీకెక్కడిది?"

ఈ వాదాన్ని తీసిపారెయ్యడానికి వీల్లేదు. నేనూ లోపల దానికి తలూపాను. పెద్దవాళ్లకు నిజం చెప్పే బాధ్యతతో పాటు, నిజం వల్ల విరిగేవాళ్లను గురించి ఆలోచించే బాధ్యత కూడా ఉంటుంది. అయితే బావ ఆ రెండో బాధ్యతను ఎప్పుడూ మొదటిదాన్ని తప్పించుకోవడానికే వాడుతున్నాడన్నది నాకు అప్పుడు తోచలేదు, తరువాత తోచింది.

మావయ్య మాత్రం మెత్తబడలేదు.

"ఆళ్లు నమ్మింది అమ్మని రా. నన్ను కాదు," అన్నాడు. "మజ్జిలో నాను దూరి కూకున్నాను. లేసి పక్కకెలిపోతన్నాను, అంతే."

"పక్కకెలిపోతే ఆ పీట మీద ఎవులు కూకుంటారు మరి?"

"అది నానెలగ సెప్పగలను? సెప్పీ యోగ్యత ఉంటే ఈ గొడవే నేదు గదా."

అత్తయ్య లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత కొన్నాళ్లు ఆమె ఆయనతో మాట్లాడలేదు. పూజారి ఇల్లు అన్న పేరు ఆమెదీ. ఆ పేరు మీదే కూతురి అత్తవారింట్లో మర్యాద. ఆయన నిజం ఖరీదు ఆమె కూడా కట్టవలసి వచ్చిందని, అది ఆమెను ఎవరూ అడగలేదని నేను ఇక్కడ రాయకపోతే లెక్క సరిపోదు.

కల చెప్పే రోజు పొద్దున్నే గుడి ముందు డప్పులు మోగాయి. కుర్రాళ్లు వీడియో తీయడానికి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మావయ్య పసుపు బట్ట కట్టుకుని, అమ్మవారి బెత్తం పట్టుకుని మెట్ల మీద నిలబడ్డాడు. డప్పులు ఆగాయి. ఆయన గొంతు నాకు కొత్తగా వినిపించింది, ఎందుకంటే అది మామూలు గొంతు. అమ్మవారి పేరిట మాట్లాడేటప్పుడు ఆయన వాడే లోతైన గొంతు కాదు. పొలంలో కూలీలను పిలిచే గొంతు.

"అమ్మ నా కలలోకి రానేదు. ఈ ఏడే కాదు. పోయినేడు రానేదు. అంతకు ముందూ రానేదు. ఆ ఏళ్లల్లో నాను సెప్పినవన్నీ నాను అల్లుకున్నవే. నా నిష్ఠ పోయినాది. అమ్మ తప్పేటీ నేదు. తప్పు నాది."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. వెనక నుంచి ఎవరో "పొద్దున్నే తాగొచ్చినాడేటి?" అన్నారు. కొందరు నవ్వారు, ఆ నవ్వు వెంటనే తెగిపోయింది. ఫోన్లు పట్టుకున్న చేతులు కొన్ని దిగాయి, కొన్ని ఇంకా పైకి లేచాయి.

ముందు వరసలో ఉన్న ఒక రైతు లేచాడు. మావయ్యకు సగం కలే వచ్చిన ఏడు, చెట్టు ఇచ్చింది అతనే.

"మరి నా సెట్టు?"

"నీది సగం," అన్నాడు మావయ్య.

"సగం అంటే ఏటి?"

"దిక్కు అమ్మ సూపినాది. సెట్టు నాను సూసుకున్నాను."

ఆ రైతు నిలబడే ఉన్నాడు. కోప్పడాలో, ఆ సగాన్నైనా దక్కించుకోవాలో తేల్చుకోలేని మనిషిలా ఉన్నాడు. చివరికి, "సగం సెట్టు తిరిగిస్తావేటి మరి?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవసాగింది. దుమ్మెత్తి పోసేవాళ్లూ తిట్టేవాళ్లూ మొదలయ్యారు. మావయ్య బెత్తం మెట్టు మీద పెట్టి, దానికి దండం పెట్టి, జనం మధ్య నుంచే నడిచి వెళ్లాడు. వాళ్లు దారి ఇచ్చారు. పూజారికి ఇచ్చే దారి కాదు అది. మైల పడినవాడికి ఇచ్చే దారి.

ఆ విధవరాలు గుడి గోడ పక్కన నిలబడి అంతా విన్నది. తిన్నగా ఇంటికి వెళ్లిపోయింది.

తరువాతి రోజులు ఆయనకు తేలికగా గడవలేదు. నిజం చెప్పినవాడిని ఊరు మెచ్చుకుంటుందని మనం అనుకుంటాం. టీ కొట్టు దగ్గర కనిపిస్తే, "మావా, రేత్రి ఏటైనా కలొచ్చినాదా? మా గేదె ఎప్పుడీనుతాదో సెప్పినాదా?" అనేవాళ్లు. ఆయన గ్లాసు కడిగి పెట్టి వచ్చేసేవాడు. ఒకసారి నేను తిరగబడబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఆణ్ని అననీ. ఇన్నాళ్లూ నాను ఏటంటే అది ఇన్నాడు గదా," అన్నాడు.

కమిటీ ఎక్కువ కాలం ఆగలేదు. మావయ్యకు కొడుకులు లేరు. ఆయన తమ్ముడి కొడుకు, బొబ్బిలికి ఆటో నడుపుకునే యువకుడు, వంశంలో తరువాతివాడు. బెత్తం అతని చేతికి ఇచ్చారు. కొద్ది రోజులకే అతనికి కల వచ్చిందని కబురు తెలిసింది. పడమట దిక్కున, ఒక రైతు జీడితోట పక్కన ఉన్న చింతచెట్టు. డప్పులతో ఊరు అక్కడికి కదిలింది. మావయ్య వెళ్లనన్నాడు. తరువాత ఏమనుకున్నాడో తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. నేను వెంట వెళ్లాను. అందరి వెనకాల నిలబడ్డాం.

పసుపు పళ్లెం చెట్టు దగ్గరికి తెచ్చారు. చెట్టు గల రైతు కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు. పళ్లేన్ని అందుకోవడానికి చేతులు చాపి, ఆగాడు.

"ఒరే," అన్నాడు కొత్త పూజారితో, మెల్లగా. "నిజంగా సెప్పినాదేటి?"

మా ఊళ్లో ఏ పూజారినీ ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. డప్పులవాళ్లు కర్రలు ఎత్తినవి ఎత్తినట్టే ఉంచారు. బావ ముందుకు వచ్చి, "ఏటా మాటలు? పొద్దెక్కతన్నాది, బేగి కానీండి," అన్నాడు. రైతు అతని వైపు చూడలేదు.

యువకుడు చుట్టూ చూశాడు. వెనక ఉన్న మావయ్య మీద అతని చూపు ఆగింది. అందరూ వెనక్కి తిరిగారు. ఆయన ఒక మాట అంటే చాలు, ఆ కుర్రవాడు నిలబడేవాడు. మరో మాట అంటే కూలిపోయేవాడు.

"నన్ను సూడకు," అన్నాడు మావయ్య. "నాకు సాచ్చికం సెప్పే నోరు నేదు. ఆయన అడిగింది నిన్ను."

కుర్రవాడు బెత్తాన్ని ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకున్నాడు. "సెట్టొకటి కలలో వొచ్చినాది పెద్దయ్యా," అన్నాడు. "అమ్మ వొచ్చినాదో, కమిటీవోలు రోజూ ఇదే సెట్టు అంటన్నారు గనక వొచ్చినాదో, నాకు తెలీదు."

రైతు చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఏదో సరుకు మంచిదా కాదా అని అడిగి, జవాబు విని, సరేననుకున్న మనిషిలా ఉన్నాడు.

"తెలీదన్నావు గదా, మంచిది. తెలిసినప్పుడు రా. ఇదే పంచె కట్టుకుని, నా సేత్తో నానే కొట్టిస్తాను."

ఆ ఏడు పండుగ మాను లేకుండా జరిగింది. ఘటాలు తిరిగాయి, డప్పులు మోగాయి, కోళ్లు తెగాయి. ఊరేగింపు వేళ కొందరు అలవాటుగా అరటిపళ్లు పట్టుకొచ్చి, ఎక్కడికి విసరాలో తెలియక ఇంటికి పట్టుకెళ్లారు. పక్క ఊళ్లవాళ్లు వచ్చి చూసి, వెక్కిరించి వెళ్లారు. పాతపట్నం నుంచి వచ్చిన మా దూరపు చుట్టం ఒకాయన, "ఇదేటి పండగ, మొండిచేతి దండం లాగున్నాది," అన్నాడు. బావ నాతో మాట్లాడటం మానేశాడు. నమ్మకం పాడయ్యిందా అని ఎవరైనా అడిగితే, కొంత పాడయ్యిందనే చెబుతాను. గుడికి రావడం మానేసినవాళ్లు ఉన్నారు. అందులో మావయ్య బాధ్యత ఎంతో ఆయనకు తెలుసు. అది నిజం చెప్పినందుకు వచ్చింది కాదు, అంతకు ముందు ఏళ్ల తరబడి పోగుపడినది.

పండుగ అయ్యాక ఒక మంగళవారం ఆయన పాత దారినే పొలానికి వెళ్లాడు. మొద్దు దగ్గర ఆమె ఉంది. బొట్టు పెట్టడం లేదు, దీపం లేదు. మొద్దు మీద కూర్చుని ఉంది. ఆయన ఆగాడు. ఆమె పక్కకు జరిగి కొంచెం చోటు ఇచ్చింది. ఆయన కూర్చోలేదట, గట్టు మీద కూర్చున్నాడట. క్షమించానని ఆమె అనలేదు, ఆయన అడగలేదు. గోగు ఎప్పుడు కోయాలన్న మాటలు మాట్లాడుకున్నారట. ఇది ఆయనే నాకు చెప్పాడు.

మళ్లీ కల చెప్పే రోజులు వచ్చాయి. కొత్త పూజారి ఆటో తమ్ముడికి అప్పగించి, ఫోను ఇంట్లో పెట్టి, గుడిలో ఉంటున్నాడు. నేల మీద పడుకుంటున్నాడు. కమిటీవాళ్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోతున్నారు, లోపలికి వెళ్లి ఏదీ చెప్పడం లేదు. రైతులు తమ తమ చెట్లను చూసుకుంటూ తిరుగుతున్నారు. ఈ ఏడు ఏ చెట్టు బాగుందో నన్నెవరూ అడగలేదు.

ఇది రాస్తున్న నాటికి అతడు ఇంకా ఏమీ చెప్పలేదు. ఊరు తొందరపెట్టడం లేదు.